డిక్కీలో కారం, కాళ్ల కింద ఎర్రమట్టి

వానలు పడ్డ దగ్గర్నుంచి కారు మ్యాట్ల మీదే ఉత్తరాలు వస్తున్నాయి. ఒడిశా వైపు వాళ్లది ఎర్రమట్టి బాధ. మహారాష్ట్ర వైపు వాళ్లది బొగ్గుపొడి, మిరప ఘాటు. బండ్లు వేరు, మోసే సరుకు వేరు. అయినా మా జవాబులన్నీ ఒక మాట చుట్టూనే తిరుగుతాయి: మ్యాట్‌ను ఒంటి చేత్తో ఎత్తి కింద ఏముందో చూడగలగాలి. అలా చూడనివ్వని మ్యాట్ ఎంత ఖరీదైనదైనా మాకు నచ్చదు.

ప్రశ్న: ఈమధ్యే ఏడు సీట్ల ఎస్‌యూవీ తీసుకున్నాం. కొన్నచోట 7డీ మ్యాట్లు వేయించుకోమన్నారు. బయట షాపులో టీపీఈ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌ది మంచిదంటున్నారు. మా నాన్నగారేమో మామూలు రబ్బరు చాలంటారు. రాయగడ, పార్వతీపురం మధ్య వారానికి రెండుసార్లు తిరిగే బండి. పొలం నుంచి వచ్చిన కాళ్లతోనే అందరూ ఎక్కుతారు. ఏది వేయించమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

మీ నాన్నగారి మాటను తీసిపారేయకండి. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ముందు ఈ 3డీ, 5డీ, 7డీల సంగతి. ఇవి కొలతలూ కావు, నాణ్యత గుర్తులూ కావు. షాపుల వాళ్లు పెట్టుకున్న పేర్లు. ఒక షాపు 5డీ అన్నదాన్నే పక్క షాపు 7డీ అంటుంది. మామూలుగా ఆ పేరుతో అమ్మేది పైన రెక్సిన్, మధ్యలో స్పాంజి, మీద గళ్లగళ్లుగా కుట్టు. గది నేలకు తివాచీ పరిచినట్టు తలుపు అంచు నుంచి అంచు దాకా కప్పేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. చిక్కంతా ఆ కుట్టు దగ్గరే. సూది దిగిన ప్రతి రంధ్రం లోంచీ నీళ్లు కిందికి దిగుతాయి. కింద స్పాంజి, దాని కింద కంపెనీ కార్పెట్, ఆ కింద మందపాటి ఫెల్ట్. మూడూ నీళ్లు పీల్చేవే. పైన తుడిస్తే పొడిగా కనిపిస్తుంది, కింద వారం రోజులైనా ఆరదు. ఎత్తి చూద్దామంటే చాలా బండ్లలో సీటు బోల్టులు విప్పాల్సిందే.

ఈ మ్యాట్లు వేసేటప్పుడు జరిగే పొరపాట్లు ఇంకో రెండున్నాయి. చాలా బండ్లలో ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి. అవి సీటు ఎయిర్‌బ్యాగులకు, బెల్టు బిగింపుకు వెళ్లే తీగలు. సీటు విప్పినప్పుడు వాటిని లాగినా, సరిగ్గా పెట్టకపోయినా డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరదు. రెండోది, చాలా బండ్లలో వెనక వాళ్ల పాదాలకు గాలి పంపే గొట్టం ముందు సీటు కిందే తెరుచుకుంటుంది. మ్యాట్ దాన్ని మూసేస్తే చలికాలం కొరాపుట్ వైపు వెళ్లినప్పుడు వెనక కూర్చున్నవాళ్లకు హీటరు గాలి అందదు.

మీ అవసరానికి టీపీఈ సరిపోతుంది. మీ మోడల్‌కే అచ్చుపోసినది, చుట్టూ గట్టు లేచినది తీసుకోండి. గట్టు మూడు సెంటీమీటర్లకు తగ్గకూడదు, ముఖ్యంగా తలుపు వైపు. ఎడమ పాదం ఆనించుకునే డెడ్ పెడల్ మీదికి కూడా మ్యాట్ ఎక్కి ఉంటే మరీ మంచిది. బురదకాలు మొదట పెట్టేది అక్కడే.

టీపీఈ పేరుతో పీవీసీ అనే వేరే ప్లాస్టిక్ అంటగట్టడం మామూలే. కొనేముందు మూల పట్టుకుని పూర్తిగా మడవండి. వదిలాక తెల్లటి గీత అలాగే ఉండిపోతే అందులో సున్నపు పొడిలాంటి కల్తీ ఎక్కువుంది. కవరు విప్పగానే ముక్కుకు ఘాటుగా తగిలితే అనుమానించండి. కత్తిరించిన చిన్న ముక్క దొరికితే నీళ్లలో వేయండి. టీపీఈ చాలావరకు తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. పౌడరు ఎక్కువ కలిపిన టీపీఈ కూడా మునగొచ్చు కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పేయకండి.

ఇక రబ్బరు. బరువు, మొదట్లో వాసన, అంచులు చదునుగా ఉంటాయి. కానీ చిరగదు, జారదు, ఎత్తి దులపొచ్చు. మూడో వరుసలో కూర్చునేది ఎప్పుడో ఒకసారే కాబట్టి అక్కడికి మీ నాన్నగారి రబ్బరే వేయండి. ఖర్చు కలిసొస్తుంది, పెద్దాయన మాటా నిలబడుతుంది. నూడుల్స్ లాంటి పీచు మ్యాట్ మాత్రం ఎర్రమట్టికి వద్దు. పొడి దుమ్మును బాగానే మింగుతుంది గానీ తడి బురద దాని లోపలే గడ్డకడుతుంది.

ఎర్రమట్టిని తడిగా ఉన్నప్పుడు రుద్దకండి. ఆరనిచ్చి, దులిపి, అప్పుడు నీళ్లు కొట్టండి. కార్పెట్ మీద పడితే కూడా అంతే: ఆరాక బ్రష్, వ్యాక్యూమ్, చివర్లో బట్టల సబ్బునీళ్లు. బ్లీచింగ్ జోలికి వెళ్లొద్దు. ఆ మట్టి ఎరుపంతా ఇనుమే. క్లోరిన్ తగిలితే మరక పోకపోగా పాతుకుపోతుంది.

ప్రశ్న: డ్రైవరు వైపు కంపెనీ కార్పెట్ మ్యాట్ మీదే రబ్బరు మ్యాట్ వేసుకున్నాను. బ్రేకు కొట్టినప్పుడల్లా ముందుకు జరుగుతోంది. కింద అంటించడానికి ఏ టేపు మంచిది?
— సిరోంచ

ఏ టేపూ వద్దండీ. ఈ పేజీ పక్కన పెట్టి వెళ్లి పై మ్యాట్ తీసేయండి.

మ్యాట్ మీద మ్యాట్ వేస్తే పైదానికి పట్టు ఉండదు. మడమతో నెట్టిన ప్రతిసారీ అది యాక్సిలరేటర్ వైపు పాకుతుంది. ఒకరోజు పెడల్ కిందికి వెళ్లి, మ్యాట్ అంచు దాన్ని పైకి రానివ్వదు. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాండియాగో దగ్గర టయోటా వాళ్ల లెక్సస్ కారు ఒకటి ఇలాగే అదుపు తప్పి నలుగురు చనిపోయారు. అందులో వేసి ఉన్నది అదే కంపెనీ తయారుచేసిన వేరే మోడల్ రబ్బరు మ్యాట్. ఆ తర్వాత టయోటా అక్కడ దాదాపు 38 లక్షల బండ్లకు మ్యాట్ల విషయమై హెచ్చరిక ఇచ్చి రీకాల్ చేయాల్సి వచ్చింది. మ్యాట్ మంచిదే, బండీ మంచిదే. ఒకదానిది ఒకదానికి వేయడమే పొరపాటు.

డ్రైవరు వైపు ఒక్కటే మ్యాట్ ఉండాలి. నేలకు ఉండే కొక్కేలు, చాలా బండ్లలో రెండు, మ్యాట్ రంధ్రాల్లోకి టిక్కుమని కూర్చోవాలి. కొక్కెం విరిగిపోయి ఉంటే మీ మోడల్ క్లిప్పే తెప్పించి వేయించండి. వేశాక ఇంజిన్ ఆపి, చేత్తో యాక్సిలరేటర్‌ను నేల దాకా నొక్కి వదలండి. ఎక్కడా తగలకుండా తన్నుకుని పైకి రావాలి. అడుగున నొక్కి పట్టుకున్నప్పుడు పెడల్‌కు, మ్యాట్‌కు మధ్య వేలు పట్టాలి. బ్రేకు, క్లచ్ కూడా అలాగే చూడండి. క్లచ్ పూర్తిగా దిగకపోతే గేర్లు గీసుకుంటాయి, తప్పు గేర్‌బాక్సు మీదికి పోతుంది. తర్వాత సీటును పూర్తిగా ముందుకూ వెనక్కూ జరిపి, పట్టాల్లో మ్యాట్ ఇరుక్కోవడం లేదని చూసుకోండి. వాటర్ సర్వీసింగ్ నుంచి బండి వచ్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాలి. కడిగేవాళ్లు మ్యాట్లు తీసి, తిరిగి వేసేటప్పుడు కొక్కేలు తగిలించరు.

ప్రశ్న: ముందు ఎడమ సీటు దగ్గర కొత్త మ్యాట్ కింద తడిగా ఉంటోంది. వానలో బండి తియ్యలేదు, షెడ్డులోనే ఉంది. ముక్కిపోయిన వాసన. మ్యాట్ మంచిది కాదనుకుని మార్చేశాం. అయినా అంతే.
— ఒక గృహిణి, బరంపురం

అమ్మా, మ్యాట్ తప్పేం లేదు. అది ఎత్తి చూడగలిగేది కాబట్టే మీకు సంగతి బయటపడింది.

వాన లేకుండా ఎడమ వైపు ముందే తడుస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఏసీ నీళ్ల గొట్టాన్ని. మన బండ్లలో ఏసీ చల్లబరిచే పెట్టె డ్యాష్‌బోర్డు లోపల మధ్యకో ఎడమకో ఉంటుంది. సముద్రం పక్క ఊరు, గాలిలో చెమ్మ ఎక్కువ. ఆ చెమ్మంతా అక్కడ నీరై చిన్న గొట్టం లోంచి బండి కిందికి కారాలి. గొట్టంలో దుమ్మూ పాచీ చేరితే నీళ్లు వెనక్కి నిండి కార్పెట్ కిందికి దిగుతాయి.

పరీక్ష సులువు. పొడి నేల మీద బండి ఆపి, ఏసీ గట్టిగా పెట్టి ఇరవై నిమిషాలు ఇంజిన్ నడవనివ్వండి. బరంపురం ఉక్కలో ఆపాటికి కింద చిన్న మడుగు కట్టాలి. నేల పొడిగా ఉందంటే గొట్టం మూసుకున్నట్టే. మెకానిక్ కింద నుంచి మెల్లగా గాలి కొట్టి తీస్తాడు. పదునైన తీగతో పొడవనివ్వకండి, లోపలి పెట్టెకు చిల్లు పడితే ఖర్చు వేరే లెక్క.

తడి ఎప్పుడు వస్తుందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే. బండి కడిగిన రోజే తడిస్తే తలుపు లోపలి ప్లాస్టిక్ పొర ఊడి ఉంటుంది. పైన సన్‌రూఫ్ ఉన్న బండి అయితే దాని మూలల్లోని నీళ్ల గొట్టాలు చూపించండి. చెట్టు కింద పెట్టే అలవాటుంటే ముందు అద్దం కింది జాలీలో ఆకులు చేరాయేమో చూడండి. తడి జిగటగా ఉండి, తీపి వాసన వచ్చి, ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంటే అది నీళ్లు కాదు, హీటరు నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. అప్పుడు ఆలస్యం పనికిరాదు, ఇంజిన్ వేడెక్కుతుంది.

కారణం సరిచేశాక ఆరబెట్టడం అసలు పని. పైన తుడిస్తే సరిపోదు. తలుపు గుమ్మం దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు ఎత్తి, కింద ఫెల్ట్ మీద టిష్యూ కాగితం అదిమి చూడండి. తడిస్తే ఇంకా నీళ్లున్నాయి. కార్పెట్ కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తి ఉంచి, టేబుల్ ఫ్యాన్ గాలి లోపలికి తగిలేలా రెండు రోజులు వదిలేయండి. టిష్యూ పొడిగా వచ్చాకే మ్యాట్ వేయండి. తొందరపడి గట్టు మ్యాట్ వేసేస్తే మూత పెట్టినట్టవుతుంది. వాసనా పోదు, కింద రేకూ మిగలదు.

ప్రశ్న: ధర్మాబాద్ మార్కెట్ నుంచి రెండు మూడు మిరప బస్తాలు మా ఎస్‌యూవీ డిక్కీలోనే తెచ్చుకుంటాం. ఆ తర్వాత పది రోజులు పిల్లలకు తుమ్ములే. ఎలాంటి ట్రే వేస్తే ఘాటు లోపలికి రాదు?
— ధర్మాబాద్ దగ్గరి పల్లె నుంచి

ట్రే ఘాటును ఆపదు, పొడిని పట్టుకుంటుంది. రెండూ వేరు. పొడికి ట్రే, ఘాటుకు గాలి. రెండూ చూసుకుంటేనే పిల్లలకు నెమ్మది.

ట్రే ఒక్కటే ముక్కగా, చుట్టూ గట్టుతో ఉండాలి. కానీ పొడి పోయే అసలు దారి వేరే ఉంది. ట్రేకు, వెనక సీటు వీపుకు మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటుంది. పొడి అక్కడి నుంచి దిగి సీటు కిందికి పోతుంది. కాబట్టి సీటు వీపు మీదికి లేచే ఫ్లాప్ ఉన్న ట్రే వెతకండి. మీ సీటు అరవై, నలభై వంతున మడిచేదైతే ఆ ఫ్లాప్ కూడా అదే చోట చీలి ఉండాలి. లేకపోతే సీటు మడిచిన మొదటి రోజే చించేస్తారు. ఇంకొకటి, పిల్లల సీటు పై బెల్టు తగిలించే కొక్కెం చాలా బండ్లలో ఆ వీపు వెనకే ఉంటుంది. దాన్ని కప్పేసే ఫ్లాప్ వద్దు.

బస్తాల కింద వేయడానికి ఒక టార్పాలిన్ పట్టా ఉండాలి. నాలుగు వైపులా పైకి మడిచి, బస్తాలను పొట్లంలా చుట్టాలి. దింపేటప్పుడు పట్టాతో సహా దింపి ఇంటికి దూరంగా విప్పండి.

గాలి సంగతి చాలామందికి తెలియదు. బండి లోపలి గాలి బయటికి పోవడానికి వెనక బంపర్ లోపల రబ్బరు రెక్కలుంటాయి. కిటికీలు మూసి, బయటి గాలి తీసుకునే మోడ్‌లో బ్లోయర్ పెడితే గాలి ముందు నుంచి వెనక్కి వెళ్లి ఆ రెక్కల లోంచి బయటపడుతుంది, ఘాటునూ వెంట తీసుకుపోతుంది. మీరు చేసేది బహుశా దీనికి తిరగబడి ఉంటుంది. ఘాటు కొట్టిందని వెనక కిటికీలు దించుతారు. అప్పుడు కిటికీ దగ్గర పుట్టే లాగుడు డిక్కీ గాలిని పిల్లల మొహాల మీదికే తెస్తుంది. లోపలి గాలినే తిప్పే మోడ్ అయితే ఆ పొడి ఏసీ ఫిల్టరులో చేరి, మర్నాడు కూడా తుమ్మిస్తుంది. మిరప సీజన్ అయ్యాక క్యాబిన్ ఫిల్టరు మార్చండి. చాలా బండ్లలో అది గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది.

కడిగేటప్పుడు చీపురు పట్టకండి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, ముందు వ్యాక్యూమ్. మిరపలో మంట పుట్టించే పదార్థం వట్టి నీళ్లలో కరగదు. జిడ్డులోనే కరుగుతుంది. అందుకే గిన్నెలు తోమే సబ్బు గోరువెచ్చటి నీళ్లలో కలిపి తుడవాలి. ఆ గుడ్డతో స్టీరింగు తుడవకండి మరి, అదే చెయ్యి కంటికి వెళ్తుంది.

ప్రశ్న: సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా వస్తుంటాం. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, ఒక్కోసారి నూనె డబ్బాలు డిక్కీలో ఉంటాయి. నాలుగు సెంటీమీటర్ల గట్టున్న ట్రే వేశాం. క్యాను ఒరిగితే నీళ్లు స్టెప్నీ గుంతలోకి పోయాయి. కంపెనీ వాళ్లు మోసం చేశారా?
— జయపురం

మోసం కాదు, వాలు. లెక్క చూడండి. ట్రే పొడవు మీటరు, వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. సమతలం మీద ఇరవై లీటర్లు పోస్తే నీరు రెండు సెంటీమీటర్ల పైచిలుకే నిలుస్తుంది. నాలుగు సెంటీమీటర్ల గట్టుకు అది లెక్కే కాదు. అదే నూరు మీటర్లకు ఎనిమిది మీటర్ల చొప్పున ఎక్కే దారిలో నీరంతా డిక్కీ తలుపు వైపుకు చేరుతుంది. అప్పుడు అదే ట్రే సుమారు తొమ్మిది లీటర్లే పట్టుకుంటుంది, మిగతాది గట్టు దాటేస్తుంది. ఇరవై లీటర్లూ ఆగాలంటే ఆరు సెంటీమీటర్ల గట్టు కావాలి. అదీ బండి కదలకుండా నిలబడితేనే. మలుపులో, బ్రేకులో ఆ లెక్కా నిలవదు. పైగా చాలా ట్రేలకు సామాను జారవేయడానికి వీలుగా తలుపు వైపు గట్టునే తక్కువ పెడతారు, ఎక్కేటప్పుడు నీళ్లు చేరేది సరిగ్గా అక్కడికే.

కాబట్టి ట్రే ఉన్నది చినుకులకు, కారేవాటికి. క్యానును కట్టాలి. డిక్కీ నేల మూలల్లో ఉండే ఇనుప కొక్కేలకు బెల్టు వేసి బిగించండి. ట్రే ఆ కొక్కేలను కప్పేసిందా? అయితే ఆ చోట కత్తిరించడానికి గీత ఉందేమో చూసి కోయండి. నున్నటి ట్రే అయితే సామాను జారుతుంది, పైన గరుకుగా ఉన్నదే మేలు.

నూనె డబ్బాలకు ఇంకో జాగ్రత్త. టీపీఈకి నూనె పడదు. కారిన నూనె రోజుల తరబడి ఉంటే అక్కడ మెత్తబడి ఉబ్బుతుంది. డీజిల్, పెట్రోల్ అయితే ఇంకా తొందరగా. డబ్బాల కింద వేరే పట్టా వేయండి, కారితే ఆ పూటే సబ్బుతో కడగండి.

ఇప్పుడు స్టెప్నీ గుంతలో నీళ్లు తోడేశారా? చక్రం తీసి, గుంత తుడిచి, జాకీ, పానా ఆరబెట్టి మళ్లీ పెట్టండి. అవసరపడిన రోజున తుప్పు పట్టిన జాకీతో ఘాట్ మీద నిలబడడం బాగుండదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మా మోడల్ పేరు చూసే డిక్కీ ట్రే తెప్పించాం. కూర్చోలేదు. వాపసు పంపి ఇంకోటి తెప్పిస్తే అదీ అంతే.
— పర్లాకిమిడి

పేరు ఒక్కటే చాలదు. తయారైన ఏడాది, ఐదు సీట్లా ఏడా, రెండో వరుస బెంచీనా రెండు విడి సీట్లా, పెట్రోలా సీఎన్‌జీనా హైబ్రిడ్డా అన్నీ సరిపోవాలి. ఏడు సీట్ల బండికి మళ్లీ రెండు రకాల ట్రేలు: మూడో వరుస లేపి ఉంచినప్పుడు పట్టే చిన్నది, మడిచినప్పుడు పరిచే పెద్దది. సీఎన్‌జీ సిలిండరు, హైబ్రిడ్ బ్యాటరీ డిక్కీ చోటు తింటాయి. ఉదాహరణకు మారుతి గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ హైబ్రిడ్ డిక్కీ, మామూలు పెట్రోల్ దాని కంటే చిన్నది. హైబ్రిడ్ అయితే బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, ఏ మ్యాటూ దానికి అడ్డు రాకుండా చూసుకోండి.

మూడోసారి తెప్పించే ముందు పాత దినపత్రికలు తీయండి. తెలుగుదైనా ఒడియాదైనా ఒకటే. నాలుగైదు కాగితాలు టేపుతో అతికించి డిక్కీ నేల మీద పరిచి, అంచుల వెంట మడిచి కత్తిరించండి. దాని మీద కొలతలు రాసుకోండి: సీటు వీపు అడుగు నుంచి తలుపు గుమ్మం దాకా పొడవు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, తలుపు దగ్గర వెడల్పు. మూడో వరుస వీపు వాల్చే బండి అయితే ఎంత వాల్చి కూర్చుంటారో అలా వాల్చే కొలవండి. ఈ మూడు అంకెలు అమ్మేవాళ్లకు పంపి, వాళ్ల కొలతలు అడగండి. సెంటీమీటరు తక్కువైతే పర్వాలేదు, ఎక్కువైతే అంచు ముడుచుకుని డిక్కీ తలుపు రబ్బరు మీదికి ఎక్కుతుంది. అప్పుడు తలుపు మూసినట్టే ఉంటుంది, వాననీళ్లు లోపలికి వస్తాయి.

స్టెప్నీ బండి కింద వేలాడే మోడళ్లలో దాన్ని దించే కడ్డీ దూర్చే రంధ్రం డిక్కీ నేలలోనో, గుమ్మం దగ్గరో ఉంటుంది. ట్రే తీయకుండా అది అందకపోతే ట్రే తేలిగ్గా వచ్చేదై ఉండాలి. అతికించే రకం అసలు వద్దు. అయిదు మిల్లీమీటర్ల మందం రబ్బరు పలక అయితే చదరపు మీటరుకే ఏడు కిలోల దాకా తూగుతుంది. పైన సామాను ఉన్నప్పుడు రోడ్డు పక్కన దాన్ని ఎత్తేదెవరో ముందే అనుకోండి.

ప్రశ్న: బల్లార్షాలో ఉంటాం. ఎండాకాలం బండి తలుపు తీస్తే మ్యాట్ల వాసనకు తల తిరుగుతుంది. పైగా బొగ్గుపొడి.
— బల్లార్షా, చంద్రపూర్ జిల్లా

మే నెలలో 45 డిగ్రీలు దాటే మీ జిల్లాలో పీవీసీ మ్యాట్ పెట్టుకోవడం కష్టమే. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం వేడికి ఆవిరై వాసన కొడుతుంది. ముందు అద్దానికి లోపలివైపు పలుచటి జిడ్డు పొరగా పట్టేదీ ఎక్కువగా అదే. అది పోయేకొద్దీ మ్యాట్ గట్టిపడి, మడమ దగ్గర పగులుతుంది. కొత్త మ్యాట్‌ను నాలుగు రోజులు నీడలో ఆరబెట్టినా వాసన తగ్గకపోతే మార్చేయడమే.

బొగ్గుపొడి పొడిగా ఉంటే దానికి ఈవీఏ అనే తేలికపాటి నురుగు మ్యాట్ పనికొస్తుంది. తేనెపట్టు లాంటి గళ్లలో పొడి దాగుతుంది, తీసి బోర్లిస్తే రాలిపోతుంది, బరువే ఉండదు. కానీ డ్రైవరు మడమ ఆనే చోట మందపాటి అదనపు పలక కుట్టి ఉన్నదే తీసుకోండి, లేకపోతే అక్కడ గుంట పడుతుంది. కడిగి ఎండలో పడేయకండి, ఈవీఏ ఎండకు కుంచించుకుపోతుంది. తర్వాత కొక్కేలకు రంధ్రాలు అందవు.

రంగు విషయంలో షాపు వాళ్లు నలుపే ఇస్తారు, మాసినా కనిపించదని. మేమైతే బూడిద రంగు తీసుకోమంటాం. మాసింది కనిపించాలి. మెరుపు కోసం టైర్ పాలిష్ మాత్రం రాయించకండి. సర్వీసింగ్‌లో అడక్కుండానే రాసేస్తారు. మ్యాట్ మీద అది అరటితొక్కే.

ప్రశ్న: ప్రతి ఆదివారం గోపాలపూర్ బీచికి వెళ్లొస్తాం. ఇసుక ఎంత దులిపినా మిగులుతుంది.
— ఛత్రపురం

ఇసుక కంటే దానితో వచ్చే ఉప్పు చెడ్డది. ఉప్పు గాలిలోని తేమను పీల్చి, ఎప్పటికీ ఆరనివ్వదు. సీటు పట్టాలకూ బోల్టులకూ తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇంటికి రాగానే మ్యాట్లు తీసి, ముందు వ్యాక్యూమ్ పట్టి, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఇసుక ఉండగానే తడిగుడ్డ వేస్తే సీటు పట్టాల్లోకి నెట్టినట్టవుతుంది. తడి బట్టలు, తువ్వాళ్లు డిక్కీ ట్రేలోనే ఉంచండి. బకెట్‌లో అయిదు లీటర్ల మంచినీళ్లు తీసుకెళ్లి, ఎక్కేముందే కాళ్లు కడుక్కుంటే సగం పని తప్పుతుంది.

ప్రశ్న: డిక్కీ ట్రే మీద పనసపాలు అంటుకుని పోవడం లేదు. బ్లేడుతో గీకమంటారా?
— గుణుపురం

గీకితే గీతలు పడి వచ్చేసారి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. వంటనూనె నాలుగు చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగి, పాత గుడ్డతో తుడవండి. జిగురు ఉండలు కట్టి వస్తుంది. వెంటనే గిన్నెల సబ్బుతో నూనె కడిగేయండి, నూనె ట్రే మీద నిలవ ఉండకూడదు. కార్పెట్ మీద పడితే ముందు ఐసుముక్క అదిమి గట్టిపరిచి, ఊడిందంతా ఊడదీశాకే నూనె. ఈసారి కాయ కోయగానే ఎక్కించకండి. తొడిమ కిందికి ఉండేలా ఒక అరగంట చెట్టు కిందే ఆనించి, పాలు కారిపోనిచ్చి, తొడిమకు గోనెముక్క చుట్టి ఎక్కించండి.